కర్చీఫ్ వేసిన గాలి

మా ఇంట్లో వేలానికి మూడు పేర్లు. నేను వేలం అంటాను. మా ఆఫీసులో ఆక్షన్ అంటారు. మా మామగారు హర్రాజ్ అంటారు. మూడూ ఒకటే కదా అని పెళ్ళయిన కొత్తలో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "హర్రాజ్ నోటితోని చేస్తరు బిడ్డా. మీ ఆఫీసోళ్ళు చేసేది లెక్క" అన్నారు. ఆ విషయంలో ఇప్పటికీ మా ఇద్దరికీ రాజీ కుదరలేదు.

ఆయన పనిచేసిందంతా కూరగాయల మార్కెట్లో. ఒక కమీషన్ ఏజెంటు తరఫున టమాటా పెట్టెల ముందు నిలబడి పాట పాడించడం ఆయన ఉద్యోగం. వేలంలో ధర పెంచడాన్ని పాట అని ఎందుకంటారో నాకు తెలియదు గానీ, ఆయన గొంతు విన్నవాళ్ళకు ఆ అనుమానం రాదు. లారీల హారన్లు, హమాలీల కేకలు, బేరాల గోల, వీటన్నిటి మీదుగా మైకు లేకుండా చివర నిలబడ్డ కొనుగోలుదారు దాకా వెళ్ళే గొంతు అది. ఇంట్లో ఈయన ఉప్పు అడిగితే వీధి చివరింటి వాళ్ళు డబ్బా తీసేవారని అత్తయ్య అంటుంది.

మా పుట్టింటివాళ్ళు కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో స్థిరపడ్డారు. అత్తవారిది అదే పేటలో రెండు వీధుల అవతల. అంత దూరం కాపురానికి వెళ్తే నా భాష పాడైపోతుందని మా అమ్మ బెంగపెట్టుకుంది. పాడవలేదు, ఇంకోటి వచ్చి చేరింది.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. రేడియో తరంగాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యాలయంలో ఇంజినీరునని చెప్తే, "ఓ, రేడియోలో పాటలు వేస్తారా" అంటారు. పెళ్ళిళ్ళలో అయితే నేను టక్కున అవునని చెప్పి భోజనాల వైపు వెళ్ళిపోతాను. మామగారికి మాత్రం అలా చెప్పి తప్పించుకోలేం. స్పెక్ట్రమ్ వేలం గురించి టీవీలో వార్త వచ్చిన రోజున, రొట్టె తింటూ నన్ను పట్టుకున్నారు.

"గాలిని సుత హర్రాజ్ పెడతరా?"

గాలిని కాదు మామయ్యా, గాలిలో దారుల్ని అన్నాను. ఫోన్లకు ఒక దారి, ఎఫ్ఎం రేడియోకు ఒక దారి, విమానాల వాళ్ళకు ఒక దారి. ఒకే దారిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా వినపడదు. అందుకని ప్రభుత్వం ఫోన్ల దారుల్ని ముక్కలు చేసి, ప్రాంతాల వారీగా, ఇరవై ఏళ్ళపాటు వాడుకునే హక్కును వేలానికి పెడుతుంది. కనీస ధర ఒకటి ముందే చెప్తుంది. కొన్ని దారులు అసలు వేలానికే రావు, అవి సైన్యానివి. తిరుమలగిరిలో కంటోన్మెంటు గోడ అవతల అంత మైదానం కనిపిస్తుంది కదా, ఖాళీగా ఉందని ఎవరూ వెళ్ళి క్రికెట్ ఆడరు, అలాంటివే అవి కూడా అన్నాను.

ఆయన వృత్తి ప్రశ్నలు మొదలుపెట్టారు. కొన్నవాడు వాడకుండా దాచుకుంటే ఏం చేస్తారన్నారు. ఇన్నేళ్ళలో ఇన్ని చోట్ల సేవలు మొదలుపెట్టాలని షరతు ఉంటుందన్నాను. అది నచ్చింది. ఎవరూ పాడకపోతే సరుకు ఏమవుతుందన్నారు. కనీస ధర మరీ ఎక్కువ పెడితే అమ్ముడుపోకుండా మిగిలిపోవడం కూడా ఉందన్నాను.

"మరి మురుగుతదా?"

"మురగదు. కానీ ఇవాళ వాడని దాన్ని రేపటికి దాచుకోలేం."

"అంటే టమాటా కంటె అధ్వాన్నం" అన్నారు, రొట్టె తుంచుతూ.

ఆయనకు మింగుడుపడనిది ఒక్కటే. పాడేవాళ్ళు ఎవరి ఆఫీసులో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుంటారు, రౌండు రౌండుకూ ధర పెరుగుతుంది, కావాలన్నవాళ్ళు బటన్ నొక్కుతారు, ఎదుటివాడు ఎవరో ఏం పాడాడో అప్పటికి తెలియదు అని చెప్పాను. "మొఖం సూడకుంట హర్రాజేందమ్మా" అని చెయ్యి ఆపేశారు. తర్వాత, వాళ్ళ తాత కాలంలో పశువుల సంతలో రుమాలు కింద చేతులు పట్టుకుని వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారన్నారు. ఇదీ అలాంటిదే అన్నాను. అయితే సరే, కానీ అది హర్రాజ్ కాదు అని మళ్ళీ మొదటికి వచ్చారు.

ఎదుటివాడి మొహం చూడటమే ఆయన పద్ధతి మరి. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన హర్రాజ్ ఒక్కటే, మా కాలనీ వినాయకుడి లడ్డూది. నిమజ్జనం రోజు పొద్దున, ఊరేగింపుకు ముందు, లడ్డూ పాట. ఆయన వేదిక మీద నిలబడేవారు కాదు. కుర్చీల మధ్యకు దిగి, పాడేవాడి ఎదురుగా వెళ్ళి నిలబడి, మొహంలోకి చూసేవారు. "ఆయనె గంత పాడిండు, నువ్వు గింతేనా" అని మెల్లగా అడిగేవారు. ఒకటోసారి, రెండోసారి అని, మూడోసారికి ముందు ఆగేవారు. ఆ ఆగడంలో లడ్డూ ధర పెరిగేది. మా కాలనీ బోరు బావి, వీధి దీపాలు అన్నీ ఆ ఆగడంలోంచి వచ్చినవే అని అందరూ అంటారు.

తర్వాత ఆయన మెడలో థైరాయిడ్ గడ్డ తీశారు. ఆపరేషన్ బాగా జరిగింది, గొంతు పోయింది. నరం దెబ్బతింది, కొంత రావచ్చు, మొత్తం రాకపోవచ్చు అని డాక్టరు చెప్పారు. మిగిలింది ఊపిరి లాంటి సన్నటి ధ్వని. ఉప్పు అడిగితే పక్కన కూర్చున్న నాకే వినపడేది కాదు. ఆ ఏడాది లడ్డూ పాట పక్క అపార్ట్‌మెంటు మూడో అంతస్తు కుర్రాడొకడు పాడించాడు. ఫోను చూస్తూ, ఎవరు ఎంతన్నారో చదివి, గబగబా మూడోసారి అనేశాడు. మామగారు ప్రసాదం పంచకముందే ఇంటికొచ్చి, పడుకోకుండా మంచం మీద కూర్చున్నారు. అన్నం వద్దన్నారు.

కిందటేడు వినాయక చవితి దగ్గరపడుతుంటే, ఈసారి పాట నేనే పాడిస్తా అని కాలనీవాళ్ళకు కాగితం మీద రాసి చూపించారు. వాళ్ళు సరేనన్నారు, మర్యాదకి. అత్తయ్యకు భయం, అందరి ముందూ గొంతు రాకపోతే ఈ మనిషి మళ్ళీ ఇల్లు కదలడని. నాకూ అదే భయం.

ఆయన మాత్రం కోఠీకి వెళ్ళి ఒక తలమైకు కొనుక్కొచ్చారు. చెవి వెనక తగిలించుకుంటే పెదవుల దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి సన్నటి తీగ నడుముకున్న చిన్న డబ్బా దాకా, స్పీకరుకు మాత్రం వైరు ఉండదు. ఆ డబ్బా నుంచి మాట గాలిలో వెళ్ళి స్పీకరులో పలుకుతుంది. రోజూ సాయంత్రం మేడ మీదికెళ్ళి సాధన చేసేవారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దిగిపోయేవారు. వినిపించమంటే, ఆ రోజు వింటవు తియ్ అన్నట్టు చెయ్యి ఊపేవారు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఒక ఫోను కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్ళు వేలంలో కొనుక్కున్న దారిలో ఎవరో రొద చేస్తున్నారు, సాయంత్రాలు మా పేట చుట్టుపక్కల కాల్స్ తెగిపోతున్నాయి అని. ఇలాంటివి మాకు మామూలే. సిగ్నల్ సరిగా లేదని ఎవరో ఒకరు అనుమతి లేని బూస్టరు తెచ్చి మేడ మీద బిగిస్తారు. వాళ్ళింట్లో ఫోను బ్రహ్మాండంగా మోగుతుంది, వీధి వీధంతా మూగబోతుంది. నాకు ఆ జాతి మీద ఒళ్ళుమంట. దొరికితే బాగా కడిగెయ్యాలనే ఉత్సాహంతో వ్యాను ఎక్కాను.

నాతో వచ్చిన సహోద్యోగి సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి మా దగ్గరికి వచ్చినాయన, ఉండేది తిరుమలగిరిలోనే. ఎంత ఎండలోనూ ఇస్త్రీ మడత చెదరని మనిషి. వ్యానులో కొంత దూరం వెళ్ళి, తర్వాత దిగి, చేతి యాంటెన్నా పట్టుకుని నడిచాం. దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే రొద ఎటువైపు పెద్దదవుతుందో అటు వెళ్ళడమే. అది మమ్మల్ని మా పేటలోకి తీసుకెళ్ళింది. తర్వాత మా వీధి మొదటికి.

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని మీట తిప్పుతూ ఆగారు. ముఖం అయోమయంగా పెట్టి, "మేడం, గిది బూస్టర్ కాదు. ఎవరో టమాటాలు అమ్ముతున్నరు" అన్నారు.

హెడ్‌ఫోన్ తీసుకుని చెవులకు పెట్టుకున్నాను.

"నాటు టమాటా… సూడు, సేతుల పట్టుకొని సూడు… ఒకటోసారి…"

ప్రతి మాటకు ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. సన్నగా ఉంది, గరగరలాడుతోంది, కానీ మాట మాటగా ఉంది. పాట పాటగా ఉంది. రెండోసారి అన్నాక ఆగారు కూడా. ఆపరేషన్ తర్వాత ఆ గొంతును నేను అంత దగ్గరగా వినలేదు. నాకు ముందు సంతోషం వచ్చింది, నిజం చెప్పాలంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేం వెతుకుతున్న దొంగ దొరికాడన్న సంగతి దాని వెనకాల వచ్చింది.

మేడ మీద ఆరేసిన బట్టల మధ్య ఆయన అటూ ఇటూ నడుస్తున్నారు. చేతిలో యాంటెన్నాతో మమ్మల్ని చూసి బెదరలేదు. స్పీకరు వైపు చూపిస్తూ, "కిందికి వినవడ్డదా?" అన్నారు, ఆశగా.

"మంచిగ వినవడ్డది సార్" అన్నారు మా సహోద్యోగి. "టవర్లకు సుత వినవడ్డది."

విషయం చెప్పాం. ఆ డబ్బాలో దారికొకటి చొప్పున చాలా నంబర్లున్నాయని, షాపువాడు చప్పుడు లేని నంబరు చూసి పెట్టుకొమ్మన్నాడని మామగారు చెప్పారు. "మార్చుకుంట పోయిన. ఒక్కో నంబరు మీద ఏదో గుర్రు గుర్రు. దీని మీద సప్పుడు లేదు. ఖాళీగున్నది, కూసున్న."

అక్కడే వచ్చింది చిక్కు. టవరు అరుస్తుంది, ఫోను గుసగుసలాడుతుంది. ఫోన్లు టవరుకు చెప్పుకునే దారి అది. ఆ గుసగుసలు ఇలాంటి చవక డబ్బాకు వినపడవు కాబట్టి ఖాళీ అనిపిస్తుంది. ఆయన అక్కడ కూర్చుని టమాటాలు అమ్ముతుంటే టవరుకు ఇంకెవరి మాటా వినపడటం లేదు. ఇదంతా ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, "ఖాళీగా లేదు మామయ్యా. దాని మీద కర్చీఫ్ ఉంది" అన్నాను.

సికింద్రాబాద్‌లో బస్సెక్కిన వాళ్ళకు ఇంకో మాట చెప్పనక్కర్లేదు. స్టేషన్ దగ్గర బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ పడుతుంది. మనిషి కనపడడు, సీటు ఖాళీగానే ఉంటుంది, అయినా ఎవరూ కూర్చోరు. కూర్చున్నవాడిని బస్సంతా తిడుతుంది.

"ఎవరిది కర్చీఫ్?" అన్నారు.

"ఒక ఫోను కంపెనీది. వేలంలో పాడుకుని వేసింది. ఇరవై ఏళ్ళకి."

"ఇరవై ఏండ్ల కర్చీఫా" అని గొణిగి, చెవి వెనక నుంచి మైకు తీసి, తీగ చిక్కుపడకుండా డబ్బాకు చుట్టి మా సహోద్యోగి చేతిలో పెట్టారు. ఆయన దాన్ని రెండు చేతులా తీసుకున్నారు. మా ఇంటి సంగతి కాబట్టి రిపోర్టు నేను రాయకూడదు, ఆయనే రాశారు. తెలియక చేసింది, మొదటిసారి, పరికరం స్వాధీనం చేశారు, హెచ్చరించి వదిలేశాం. అందులో టమాటాల ప్రస్తావన లేదు. మామగారు మళ్ళీ కాగితం, పెన్సిలు వెతుక్కున్నారు.

ఊరుకోలేక, లైసెన్సు అక్కర్లేని దారిలో పనిచేసే మైకు ఒకటి నేనే కొనుక్కొచ్చాను. వైఫై, బ్లూటూత్ లాంటివన్నీ వాడే దారి అది. ప్రభుత్వం వేలం వేయకుండా అందరికీ వదిలేసింది, ఎవరినీ అడగక్కర్లేదు. ఇంట్లో బాగానే పలికింది. మండపంలో పెట్టి చూశాం. అక్కడ చేతికో ఫోను, చెవికో ఇయర్‌ఫోను, కరెంటు స్తంభానికో కెమెరా, అన్నీ అదే దారిలో. మామూలు గొంతయితే మధ్యలో ఒక అక్షరం పోయినా సర్దుకుంటుంది. ఈయన గొంతులో పోవడానికి మిగిలిందే తక్కువ. "ఒక… సారి… డో…" అని వచ్చింది స్పీకర్లోంచి. కుర్చీలు సర్దుతున్నవాళ్ళు నవ్వారు. వెక్కిరింతగా కాదు, అయినా నవ్వారు. మామగారు మైకు తీసి నా చేతికిచ్చేశారు.

ఇక మిగిలింది మండపంలో మొదటి నుంచీ ఉన్న వైరు మైకే. "వేదిక మీద నిలబడి ఏం హర్రాజమ్మా. మొఖాలు కనవడయి" అన్నారు, ఆ గుసగుస గొంతుతో. ఆ మూడో అంతస్తు అబ్బాయినే పాడించమనండి అన్నారు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆయన మీద, మైకు అమ్మినవాడి మీద, కర్చీఫ్‌ల మీద, నా ఉద్యోగం మీద. "వైరుకు లైసెన్సు అక్కర్లేదు మామయ్యా. వైరు నేను పట్టుకుంటాను, మీరు నడవండి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, అత్తయ్య వంటింట్లోంచి బయటికి వచ్చి చూసింది.

నిమజ్జనం రోజు పొద్దున రెండు వైర్లు కలిపి టేపు చుట్టి, ఆ వైరు చుట్ట భుజాన వేసుకున్నాను. ఆయన మైకు పెదవులకు ఆనించి కుర్చీల మధ్యకు దిగారు. నేను వెనకాలే వైరు వదులుకుంటూ నడిచాను. జనం కాళ్ళు ఎత్తి దారి ఇచ్చారు. గాలి మీద నిఘా పెట్టే ఇంజినీరమ్మ వైరు మోస్తోందని ఎవరో జోకు వేశారు, మోస్తున్నానని చెప్పాను.

పాట మొదలైంది. సన్నటి గొంతే, కానీ స్పీకర్లు దాన్ని వీధి చివరకు తీసుకెళ్ళాయి. మొదట అందరూ నిశ్శబ్దంగా విన్నారు, కొంచెం జాలితో. ఆయన ఒకాయన ముందు నిలబడి "ఏం, షుగర్ ఉన్నదా? లడ్డూ తినవా?" అనేసరికి ఆ జాలి పోయి నవ్వులు మొదలయ్యాయి. పాడేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుని చివరికి ఇద్దరు మిగిలారు. మొదటి వరుసలో బట్టల షాపాయన, చిట్టచివరి వరుసలో మెడికల్ షాపాయన. మామగారు వెనక్కి నడిచారు. చివరి వరుసకు రెండు వరుసల ముందే వైరు అయిపోయింది. నా చేతిలో బిగిసింది. ఆయన అక్కడే ఆగి, మెడికల్ షాపాయన మొహంలోకి చూశారు.

మెడికల్ షాపాయన ధర పెంచాడు. బట్టల షాపాయన తల వంచుకున్నాడు.

"ఒకటోసారి. రెండోసారి."

నోరు తెరుచుకుంది. మాట రాలేదు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. మెడ మీద నరాలు బిగియడం కనిపించింది. మళ్ళీ ప్రయత్నించారు, ఊపిరి మాత్రమే వచ్చింది. మండపమంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది. వాళ్ళకు అది ఆయన పాత అలవాటు. మూడోసారికి ముందు ఆగడం. అంతసేపు ఎన్నడూ ఆగలేదు, అంతే. తట్టుకోలేక బట్టల షాపాయన లేచి ధర పెంచాడు. మామగారు మాట్లాడకుండా చెయ్యి మాత్రం ఎత్తి మెడికల్ షాపాయన వైపు చూపించారు. ఆయనా పెంచాడు. ఇంక బట్టల షాపాయన లేవలేదు.

మామగారు నా వైపు తిరిగారు. నేను మైకు కోసం చెయ్యి చాపాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నారు. ఆ రోజు హెడ్‌ఫోన్లో విన్న ఊపిరి అదే.

"మూడోసారి" అన్నారు.

డప్పులు మొదలయ్యాయి. ఊరేగింపు కదిలాక నేను వైరు చుట్టుకుని ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం దాకా కాలనీవాళ్ళు వస్తూనే ఉన్నారు. "ఏం ఆపినవన్నా, పానం పోయింది" అన్నాడు మెడికల్ షాపాయన, లడ్డూ ముక్క పెడుతూ. మామగారు తల ఊపి లడ్డూ నోట్లో వేసుకున్నారు. అందరూ వెళ్ళాక అత్తయ్య గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు:

"నేను ఆపలే బిడ్డా."

"తెలుసు మామయ్యా."

"గొంతు రాలే."

"తెలుసు."

నీళ్ళు కొంచెం కొంచెంగా తాగారు. ఎవరికీ చెప్పొద్దన్నట్టు వేలు పెదవుల మీద పెట్టారు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "వచ్చే ఏడు వైరు జెర పొడుగుది తే" అన్నారు.